రెండు వైపుల కరెంటు బ్రెస్ట్ పంపు: చెన్నైలో ఏడాదికి పైగా వాడిన తర్వాత

తీర్పు ముందే చెప్పేస్తాను. ఉద్యోగానికి వెళ్లే తల్లికి, రెండు రొమ్ములకూ ఒకేసారి పెట్టుకునే కరెంటు పంపు పెట్టిన డబ్బుకు న్యాయం చేసే వస్తువే. అయితే అది పాలు తీసే యంత్రం. మీకు ఎన్ని పాలు ఉన్నాయో కొలిచి చెప్పే పని దానికి చేతకాదు. ఈ సంగతి పెట్టె మీద రాయరు. పైగా సీసా మీద మిల్లీలీటర్ల గీతలు గీసి మరీ ఇస్తారు. పంపు వాడి ఏడ్చిన వాళ్లు నాకు తెలిసి చాలామందే ఉన్నారు. నొప్పితో ఏడ్చినవాళ్లకన్నా ఆ గీతలు చూసి ఏడ్చినవాళ్లే ఎక్కువ.

కంపెనీ పేరు రాయడం లేదు. మోటారు ఉన్న చిన్న పెట్టె, దాని నుంచి రెండు గొట్టాలు, వాటి చివర రెండు గరాటులు, కింద రెండు సీసాలు. మధ్యరకం ధరలో దొరికేవన్నీ దాదాపు ఇదే అమరిక. నాది ప్లగ్గుకు పెడితేనే నడిచే రకం, బ్యాటరీ లేదు.

నాకు ఇది ఎందుకు అవసరమైందంటే, లెక్క కుదరక. 2017 సవరణ తర్వాత మన ప్రసూతి సెలవు 26 వారాలు, అందులో కాన్పుకు ముందు 8 వారాల వరకు వాడుకోవచ్చు. మొదటి ఆరు నెలలూ బిడ్డకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. సెలవంతా కాన్పు తర్వాతే వాడుకుంటే ఈ రెండూ సరిగ్గా సరిపోతాయి. కాళ్లు వాచి, కుర్చీలో కూర్చోలేక ముందే కొన్ని వారాలు ఖర్చుపెట్టిన నాలాంటివాళ్లకు సరిపోవు. మేముండేది వేళచ్చేరిలో. ఆఫీసు ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద, షోళింగనల్లూరు దాటాక. మెట్రో పనులకు రోడ్డంతా తవ్వి ఉన్న రోజులవి. రానూ పోనూ ప్రయాణం కలిపితే పాపకు దూరంగా దాదాపు పది గంటలు.

పంపు గురించి చెప్పేముందు గర్భిణులకు ఒక మాట. కాన్పు సంచిలో పంపు సర్దకండి. మొదటి రెండు మూడు రోజులు వచ్చే ముర్రుపాలు చెంచాల లెక్కలోనే ఉంటాయి, చిక్కగా జిగటగా ఉంటాయి. యంత్రం పెడితే గరాటుకు అంటుకుపోవడమే తప్ప సీసాలోకి దిగవు. బిడ్డ నోటికి అందకపోతే చేత్తో పిండి ఉగ్గుగిన్నెలోకి పట్టడమే మేలు, నర్సును అడిగితే నేర్పిస్తారు. పుట్టిన గంటలోపే రొమ్ముకు పట్టించడం, తర్వాత అడిగినప్పుడల్లా ఇవ్వడం, ఆ వారానికి ఇంతే పని. బిడ్డ బరువు మొదట్లో కొంచెం తగ్గుతుంది. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు తిరిగి రావాలి. అయిదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోస్తుంటే పాలు అందుతున్నట్టే. పాలు సరిపోతున్నాయా అన్న ప్రశ్నకు జవాబు బిడ్డ తడిపిన గుడ్డల్లో, బరువులో ఉంటుంది. ఇవి తేడాగా ఉంటే వెంటనే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పంపు పెట్టి పరీక్షించుకోవడం జవాబు కాదు.

మా అమ్మ ఏలూరు నుంచి తెలగపిండి, వెల్లుల్లి మూటగట్టుకుని వచ్చింది. తెలగపిండి మునగాకు కూర తిని పాలు పెరిగాయా అంటే చెప్పలేను, కూర మాత్రం బ్రహ్మాండంగా ఉంది. ఎదురింటి తమిళావిడ సొరచేప పుట్టు చేసి పంపారు, అదీ వదల్లేదు. పాలు పెరిగేది ముఖ్యంగా రొమ్ము ఎన్నిసార్లు ఖాళీ అయితే అన్నిసార్లు. ఆకలితో ఉన్న బాలింతకు కడుపునిండా కమ్మగా పెట్టడం అన్నది ఎలాగూ మంచిదే కాబట్టి ఈ వంటల మీద నాకు ఏ తగాదా లేదు.

పంపు తీసింది సెలవు ముగిసే ముందు. మొదటిరోజే అమ్మ నా చేతిలో సీసా చూసి, "కొలవకమ్మా, దిష్టి తగులుతుంది" అంది. కారణం సంగతి ఏమోగానీ సలహా మాత్రం ఏ నిపుణురాలూ ఇంతకన్నా బాగా చెప్పలేదు. పాపకు పాలిచ్చాక మిగిలింది తీస్తే రెండువైపులా కలిపి ఇరవై ముప్పై మిల్లీలీటర్లు రావడం మామూలు. తెల్లవారుజామున ఎక్కువ, సాయంత్రం తక్కువ. బిడ్డ దవడ చేసే పనిని మోటారు చేయలేదు, పైగా పాలు చేపుకు రావాలంటే మనసు కూడా సహకరించాలి. ఆఫీసులో కాల్ మధ్యలో గడియారం చూస్తూ తీస్తే చుక్క రాదు. ఫోనులో పాప నవ్వుతున్న వీడియో పెట్టుకున్నాక అదే సీసా నిండేది. అందరూ ఇదే చెబుతారు, నేను నమ్మలేదు, పనిచేసింది.

లెక్క కావాలనే వాళ్లకు ఒక్కటే లెక్క: నెల దాటిన దగ్గర్నుంచి ఆరు నెలల వరకు తల్లిపాలే తాగే బిడ్డ రోజుకు సగటున 750 నుంచి 800 మిల్లీలీటర్లు తాగుతుంది, బిడ్డకూ బిడ్డకూ చాలా తేడా ఉంటుంది. అంటే గంటకు ముప్పై చొప్పున, పది గంటలు దూరంగా ఉంటే 300 చాలు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫ్రీజరు నిండా సంచులు పేర్చి ఫొటోలు పెట్టేవాళ్లను చూసి కంగారు పడనక్కర్లేదు. అవసరానికి మించి తీస్తే, అన్ని పాలు కావాలేమో అనుకుని శరీరం ఇంకా తయారుచేస్తుంది, రొమ్ములు రాళ్లవుతాయి. నా టీములోనే ఒకమ్మాయికి అలా జ్వరం దాకా వచ్చింది. పాలు గడ్డకడితే వేడి కాపడం పెట్టి గట్టిగా నలిపి, పంపుతో పూర్తిగా ఖాళీ చేయమని పాతకాలం సలహా. తల్లిపాల మీద పనిచేసే వైద్యుల సంస్థ అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ 2022లో దీన్ని తిరగరాసింది. చల్లటి కాపడం పెట్టాలి, నలపకూడదు, మామూలుగా ఇచ్చినంతే ఇవ్వాలి, అదనంగా పిండకూడదు. జ్వరం, ఎర్రదనం తగ్గకపోతే డాక్టరు దగ్గరికి.

ఇక యంత్రం. దుకాణంలో అందరూ మోటారు శక్తి గురించి అడుగుతారు. నా అనుభవంలో మోటారు మూడో స్థానంలో ఉంటుంది. మొదటిది గరాటు కొలత. పెట్టెలో సాధారణంగా 24 మిల్లీమీటర్లది వస్తుంది. చాలామందికి అది పెద్దది. చనుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా లోపలికి లాక్కుపోతుంటే పెద్దదైనట్టు, మొన అంచులకు రాసుకుంటుంటే చిన్నదైనట్టు. నాకు 21 సరిపోయింది. విడిగా కొన్నాను, నొప్పి అదే వారం పోయింది. మొన వెడల్పు స్కేలుతో కొలుచుకుని, దానికన్నా కాస్త పెద్దది తీసుకుంటే చాలు. పీడనం ఎక్కువ పెడితే పాలు ఎక్కువ వస్తాయన్నది అపోహ. నొప్పి లేనంత వరకే. నొప్పి మొదలైతే పాలు చేపడం ఆగిపోతుంది.

రెండోది బాతుముక్కు ఆకారంలో ఉండే చిన్న రబ్బరు వాల్వు. పంపులో అతి చవకైన భాగం ఇదే, అతి ముఖ్యమైనదీ ఇదే. కొన్ని వారాల వాడకంలో దాని చీలిక సాగి వదులవుతుంది, పీల్చే శక్తి నెమ్మదిగా పడిపోతుంది. నెమ్మదిగా కాబట్టి మనకు తెలియదు. పాలు తగ్గాయనుకుని మెంతులు నానబెట్టడం మొదలుపెడతాం. నాకు ఒకసారి రెండువారాల పాటు సీసాలు సగానికి పడిపోయాయి. లాక్టేషన్ కన్సల్టెంటు (పాలివ్వడంలో సలహాలిచ్చే నిపుణురాలు) వాల్వును వెలుతురులో పెట్టి చూపించి, చీలిక తెరుచుకుని ఉందని చెప్పారు. కొత్తది వేసిన రోజే పాత లెక్కకు వచ్చింది. పంపు కొనేటప్పుడే రెండు మూడు జతల వాల్వులు కొనిపెట్టుకోండి. ఇలాంటి విడిభాగాలు సులువుగా దొరకని పంపు ఎంత పేరున్నదైనా వదిలేయండి.

మోటారు మీద నాకు ఒకే ఒక ఫిర్యాదు, చప్పుడు. పాత మిక్సీ పక్కింట్లో తిరుగుతున్నట్టు ఉంటుంది. గొట్టాల్లో తేమ చేరడం ఇంకో తలనొప్పి. చెన్నై గాలికి రెండురోజుల్లో నల్ల చుక్కలు లేస్తాయి. పాలు తీయడం అయ్యాక గొట్టాలు తగిలించి మోటారును కాసేపు ఖాళీగా తిప్పితే ఆరిపోతాయి. పాలు తగిలే భాగాలను ప్రతిసారీ సబ్బునీళ్లతో కడిగి గాలికి ఆరబెట్టాలి. రెండు జతలు ఉంటే ఆఫీసులో ప్రాణం హాయిగా ఉంటుంది.

ఆఫీసులో మొదట చూపించిన గది గడియ లేని సిక్ రూము. బిడ్డకు 15 నెలలు వచ్చేవరకు రోజుకు రెండు పాలిచ్చే విరామాలు అప్పుడు అమల్లో ఉన్న 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టంలోనే ఉన్నాయి, 50 మంది, అంతకు మించి ఉన్న చోట శిశుసంరక్షణ గది ఉండాలని 2017లో చేర్చారు. చట్టంలో పంపు అనే మాట లేదు. అయినా ఆ రెండు విరామాలు చూపించి మెయిలు పెడితే గడియ, ప్లగ్గు, చిన్న ఫ్రిజ్జు మూడూ వచ్చాయి. నా తర్వాత సెలవు నుంచి వచ్చినవాళ్లు అడగనక్కర్లేకపోయింది.

నిల్వ విషయంలో ప్యాకెట్ల మీది సూచనలు మన ఊరికి రాసినవి కావు. బయట నాలుగు గంటలు ఉంటాయని చెప్పేది 25 డిగ్రీల లోపు గదికి. మే నెలలో, అగ్ని నక్షత్రం రోజుల్లో మా వంటింట్లో ఆ ఉష్ణోగ్రత కలలోకూడా లేదు. తీసిన వెంటనే ఐసు ప్యాకెట్లున్న సంచిలోకి, ఇంటికి రాగానే ఫ్రిజ్జులోకి. ఫ్రిజ్జులో నాలుగు రోజులు, ఫ్రీజరులో ఆరు నెలలు మంచి గడువు. తలుపు అరల్లో పెట్టకూడదు. కరిగించినవి ఒక రోజులో వాడేయాలి. ఫ్రీజరులో ఉన్న పాలకు ఒక్కోసారి సబ్బు వాసన వస్తుంది. పాలలో ఉండే లైపేజ్ అనే ఎంజైము కొవ్వును విడగొట్టడం వల్ల అలా అవుతుంది, పాడైనట్టు కాదు. మా ఆయా తిరుత్తణి తెలుగావిడ. ఆ వాసనకు పాలు పారబోయబోతుంటే ఆపి, పాపకు పట్టమన్నాను. తాగింది.

పాప సీసా ముట్టలేదు. ఎన్ని రకాల రబ్బరు మొనలు మార్చినా నోరు బిగించేది. చివరికి ఆయా, "ఇవన్నీ ఎందుకమ్మా, పాలాడై తీసుకురండి" అన్నారు. మన ఉగ్గుగిన్నెకు పొడవాటి ముక్కు ఉంటే అదే. ఇక్కడి ఆసుపత్రుల్లో నెల తక్కువ పిల్లలకు కూడా దానితోనే పడతారు. కాస్త కారుతుంది, ఓపిక కావాలి, కానీ కడగడం తేలిక. పాలసీసాల ప్రచారాన్ని మన దేశంలో 1992 నాటి చట్టమే నిషేధించింది, ఎందుకో అప్పుడు అర్థమైంది.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు ఈ పంపు అసలు బలహీనత బయటపడింది. వేళచ్చేరి నీళ్లలో మునిగింది, రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రీజరులో దాచినవన్నీ కరిగిపోయాయి, పారబోశాను. ప్లగ్గు పంపు అలమారులో పడి ఉంది. కుళాయిలో వచ్చేది ఏ నీరో తెలియని పరిస్థితిలో సీసాలు కడిగే ధైర్యం కూడా లేదు. ఆ రోజుల్లో పాప నేరుగా నా దగ్గరే తాగింది, దానికి ఏ లోటూ రాలేదు. కింది అంతస్తులో పాలపొడి మీద ఉన్న బాబు కోసం వాళ్ల నాన్న నడుములోతు నీళ్లలో దుకాణం వెతుక్కుంటూ వెళ్లారు. తుపాను తర్వాత ఒక చేతి పంపు కొన్నాను, బ్యాటరీతో నడిచే కరెంటు పంపు కొనమని నా తర్వాతివాళ్లందరికీ చెబుతున్నాను. 2015 నుంచి తమిళనాడు బస్టాండుల్లో పాలిచ్చే గదులు ఉన్నాయి. నెల్లూరు ప్రయాణాల్లో వాటిలోకీ చేతి పంపే తీసుకెళ్లాను.

పాపకు ఏడాది దాటాక ఆఫీసులో తీయడం మెల్లగా మానేశాను. ఇంట్లో పాలు ఇంకా తాగుతోంది, రెండేళ్లూ ఆ పైనా ఇవ్వవచ్చు కూడా. ఆఫీసులో కొత్తగా నెల తప్పిన అమ్మాయి "అక్కా, మీ పంపు నాకు ఇవ్వండి" అంది. ఇవ్వలేదు. పాలు ఆవిరిగానైనా మోటారులోకి చేరే అవకాశమున్న అమరిక ఇది, శుభ్రం చేయడానికి లోపలికి చెయ్యి పోదు. ఇలాంటివి ఒక్కరు వాడటానికే అని అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ కూడా చెబుతుంది. విప్పని వాల్వుల ప్యాకెట్టు, 21 గరాటు కొన్న దుకాణం పేరు ఇచ్చాను. రోజుకు ఒక్కసారే తీసే అవసరమైతే చేతి పంపు చాలు, ఇంత ఖర్చు వద్దు. బిడ్డ నెల తక్కువై ఐసీయూలో ఉంటే మాత్రం ఈ తరహా ఇంటి పంపు మీద ఆధారపడకుండా, ఆసుపత్రి స్థాయి యంత్రం అద్దెకు ఎక్కడ దొరుకుతుందో అక్కడి నర్సునే అడగండి.