పాత ఇల్లు కూల్చి గ్రీన్ బిల్డింగ్ కట్టడమా, ఉన్నదాన్నే బాగుచేయించడమా: ఏది మేలు?

హైదరాబాద్ వనస్థలిపురంలో మా ఇల్లు నాన్న 1989లో కట్టించారు. 200 గజాల స్థలం, కింద రెండు పడక గదులు, తర్వాతెప్పుడో పైన వేసిన ఒక గది, అంతా కలిపి 1,400 చదరపు అడుగులు. మొన్న వేసవిలో బాత్‌రూమ్ స్లాబు పెచ్చులూడి పడ్డాక ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. "కూల్చేసి గ్రీన్ బిల్డింగ్ కడదాం, కరెంటు బిల్లు సగమవుతుంది" అని మా బావ, అంటే అక్క వాళ్లాయన. "గోడలు నిక్షేపంలా ఉంటే కూల్చడమెందుకురా" అని అమ్మ. నేను మొదట్లో బావ పార్టీయే. లెక్క వేశాకే అటు నుంచి ఇటొచ్చాను.

ఆ లెక్క ఇది. మేస్త్రీలు చెప్పే మోటు లెక్క ప్రకారం చదరపు అడుగుకు 0.4 బస్తా సిమెంటు, 4 కిలోల ఇనుము పడుతుంది. మా ఇల్లంత ఇంటికి 560 బస్తాలు, అంటే 28 టన్నుల సిమెంటు. ఇనుము అయిదున్నర టన్నుల పైన. టన్ను పీపీసీ (ఫ్లైయాష్ లాంటివి కలిపిన) సిమెంటు తయారీలో సుమారు 0.6 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, టన్ను ఉక్కుకు దాదాపు 2.5 టన్నులు. రెండూ కలిపితే 31 టన్నులు. ఇటుక, టైల్స్, ఇసుక లారీల డీజిల్ ఇందులో లేవు. మన దేశంలో ఒక యూనిట్ కరెంటు వెనక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది కాబట్టి ఆ 31 టన్నులు 44 వేల యూనిట్లతో సమానం. కొత్త ఇల్లు నెలకు 100 యూనిట్లు ఆదా చేస్తుందనుకున్నా ఈ కార్బన్ అప్పు తీరడానికి 36 ఏళ్లు దాటుతుంది. నాన్న కట్టిన ఇంటి వయసూ ఇంచుమించు అంతే! పైగా ఆ 100 యూనిట్లలో చాలా భాగం డాబా మీద తెల్ల పూత, పడమటి గోడకు నీడ, మంచి ఫ్యాన్లతోనే మిగుల్చుకోవచ్చు. దానికి ఇల్లు కూల్చక్కర్లేదు.

బావ ఊరుకోలేదు, మాదాపూర్‌లోని సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ చూపించాడు. కాదనలేని ఉదాహరణే. కరణ్ గ్రోవర్ డిజైన్ చేసిన ఆ భవనం 2003లో లీడ్ ప్లాటినం రేటింగ్ (గ్రీన్ బిల్డింగులకు అమెరికా సంస్థ ఇచ్చే అత్యున్నత స్థాయి) తెచ్చుకుంది; అమెరికా బయట ఆ స్థాయి అందుకున్న మొదటి కట్టడం అదే. 2004 జులైలో అబ్దుల్ కలాం ప్రారంభించారు. లోపలికొచ్చే గాలిని చల్లబరిచే విండ్ టవర్లు, పైకప్పు మీద తోట, మధ్యలో గుండ్రటి ముంగిలి. చూస్తే మండువా లోగిలి గుర్తొస్తుంది. కానీ అది పాత భవనాన్ని కూల్చి కట్టింది కాదు. ఖాళీ స్థలంలో కట్టేదైతే అలా కట్టడమే మేలు, అందులో వాదన లేదు. మా దగ్గర ఖాళీ స్థలం లేదు, ఇల్లుంది.

ఇల్లున్నచోట ఏం చేయాలో తెలుసుకోవాలంటే ఫ్రాన్స్‌లో ఆన్ లకటోన్, జాన్-ఫిలిప్ వసాల్ నడిపే ఆర్కిటెక్ట్ సంస్థ పనులు చూడాలి. ఆర్కిటెక్చర్‌లో అతి పెద్ద గౌరవంగా చెప్పుకునే ప్రిట్జ్‌కర్ బహుమతి 2021లో వీళ్లకే వచ్చింది. పారిస్ అంచున 1960ల నాటి బ్వా-ల-ప్రెత్ర్ టవర్‌ని కూల్చేయాలన్న ఆలోచన నడుస్తున్నప్పుడు ఫ్రెడరిక్ ద్రువోతో కలిసి దాన్ని నిలబెట్టారు. పాత ముఖం ఊడదీసి, చుట్టూ కొత్త బాల్కనీలు, అద్దాల వరండాలు తొడిగారు. 2011లో పని పూర్తయ్యేసరికి గదులకు వెలుతురొచ్చింది, హీటింగ్ ఖర్చు తగ్గింది. బోర్డోలోని గ్రాండ్ పార్క్‌లో ఇంకా పెద్ద పని: మూడు బ్లాకులు, 530 ఫ్లాట్లు. ప్రతి ఫ్లాట్‌కూ 3.8 మీటర్ల లోతు వరండా తగిలించారు. ఒక్కో ఫ్లాట్‌లో పని 12 నుంచి 16 రోజులే. అన్నం వండుకుంటూ, పిల్లల్ని బడికి పంపుకుంటూ జనం అందులోనే ఉన్నారు, ఎవరూ సామాను సర్దుకుని పోలేదు. ఆ పనికి 2019లో యూరోపియన్ యూనియన్ ఇచ్చే మీస్ వాన్ డెర్ రోహ్ అవార్డు వచ్చింది.

నాకు వీళ్ల పనుల్లో అన్నిటికంటే నచ్చింది మాత్రం దాదాపు ఏ పనీ చేయనిది. 1996లో బోర్డోలో లియోన్ ఒకోక్ అనే చిన్న కూడలిని అందంగా తీర్చిదిద్దమని అడిగితే వెళ్లి చూశారు. చెట్లున్నాయి, బెంచీలున్నాయి, జనం కూర్చుంటున్నారు. బాగానే ఉంది కదా అని చెప్పి, కంకర మార్చడం, చెట్లకు వైద్యం, తరచూ శుభ్రం చేయడం వరకే సిఫారసు చేశారు. మన దగ్గర ఆ మాటన్న ఇంజినీరుకి ఫీజు ఇస్తారా?

అలాగని బోర్డో నమూనాని వనస్థలిపురంలో దించితే కొంప మునుగుతుంది. అక్కడ అద్దాల వరండా చలికాలపు ఎండను లోపల పట్టి ఉంచడానికి. మే నెలలో మన దగ్గర అదే కడితే అప్పడాలు ఎండబెట్టుకోవాలి. తీసుకోవాల్సింది పద్ధతి: ఉన్నది తీసేయకుండా, దానికి కలపడం. మనకైతే పడమటి వైపు నీడనిచ్చే వసారా, లోతైన సన్‌షేడ్లు, ఎదురెదురు కిటికీలు, డాబా మీద కూల్ రూఫ్, అంటే ఎండను తిప్పికొట్టే పైకప్పు. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీలో 600 గజాలు, ఆపైన ఉన్న ఇళ్లకు దీన్ని తప్పనిసరి చేశారు. మా 200 గజాలకు ఆ నిబంధన లేదు, కానీ ఎండకి గజాలు తెలియవుగా.

ఇక బావ పార్టీకి దక్కాల్సిన న్యాయం కూడా దక్కాలి. కూల్చడమే మేలైన సందర్భాలు రెండున్నాయి.

మొదటిది, ఊచలు పోయిన ఇల్లు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును లోపల్నుంచి పగలగొడుతుంది. పెచ్చులూడటం దాని బయటి లక్షణం. పైన ప్లాస్టరింగ్ చేసి రంగేస్తే కనపడదు, అంతే. తేల్చుకోవాలంటే ఎన్‌డీటీ పరీక్షలు, అంటే కట్టడాన్ని పగలగొట్టకుండా లోపలి పరిస్థితి చూసేవి, చేయించాలి. అందులో చవకైనది ఫినాఫ్తలీన్: కొత్తగా చెక్కిన కాంక్రీటు మీద చల్లితే గులాబీ రంగు వస్తే లోపలి క్షారగుణం ఊచల్ని ఇంకా కాపాడుతోందని అర్థం. రంగు రాకపోతే ఆ కాపలా పోయినట్టే. ఒకటీ రెండు స్తంభాలైతే జాకెటింగ్‌తో, అంటే చుట్టూ కొత్త ఊచలు, కాంక్రీటు తొడిగి నిలబెట్టొచ్చు. ఇంటి నిండా అదే పరిస్థితైతే, ముఖ్యంగా ఉప్పు గాలి తినేసిన తీరప్రాంతపు ఇళ్లలో, మరమ్మతు మీద పెట్టే డబ్బు బూడిదలో పోసిన పన్నీరే.

రెండోది, డెవలప్‌మెంట్‌కి ఇవ్వడం, అంటే ఫ్లాట్లు కట్టమని స్థలాన్ని బిల్డర్‌కి అప్పగించడం. ఒక్క కుటుంబం ఉన్నచోట నాలుగు కుటుంబాలు ఉండబోతుంటే నా 31 టన్నుల లెక్క మారిపోతుంది. ఆ మిగతా మూడు కుటుంబాలు ఎలాగూ ఎక్కడో సిమెంటు వాడి కట్టిన ఇంట్లోనే ఉండాలి, బహుశా ఔటర్ రింగ్ రోడ్డు అవతల, రోజూ బండి మీద 30 కిలోమీటర్లు తిరుగుతూ. ఇది బలమైన వాదన. మా ఇంట్లో ఎవరికీ డెవలప్‌మెంట్ ఇష్టం లేదు కాబట్టి మాకు వర్తించదు. ఒకే కుటుంబం కోసం ఉన్న ఇల్లు కూల్చి, రెట్టింపు సైజు డూప్లెక్స్ కట్టి దానికి గ్రీన్ సర్టిఫికెట్ తగిలించుకోవడం మాత్రం నాకు మింగుడుపడదు.

మధ్యేమార్గంగా పాత స్తంభాల మీదే ఇంకో అంతస్తు లేపేద్దామనేవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. పునాది ఎంత బరువుకి వేశారో కాగితం లేకుండా, అనుమతి లేకుండా ఆ పని జోలికి పోవద్దు.

కూల్చినప్పుడు మలబా (పగిలిన ఇటుక, కాంక్రీటు చెత్త) మాటేమిటని కూడా అడగాలి. హైదరాబాద్‌లో జీడిమెట్లలో, మాకు దగ్గర్లోని ఫతుల్లాగూడలో దాన్ని పొడి చేసి మళ్లీ వాడే ప్లాంట్లున్నాయి. అయినా రాత్రిపూట చెరువు గట్టున ట్రాక్టరు దింపేసి పోయేవాళ్లు తగ్గలేదు. కాంట్రాక్టరుతో మాట్లాడేటప్పుడే అది ఎక్కడికి పోతుందో రాయించుకోవాలి.

మా ఇంటి పరీక్ష అయింది. బాత్‌రూమ్ వైపు రెండు స్తంభాలు రంగు మారలేదు, మిగతావన్నీ చెక్కిన చోటల్లా గులాబీ రంగుకి తిరిగాయి. అమ్మ చూడ్డానికొచ్చి, గోరింటాకు పండినట్టుందే అంది. ఇంజినీరు వేసిచ్చిన అంచనా కొత్త ఇంటి ఖర్చులో మూడో వంతుకి కాస్త పైన. బావ స్తంభాల విషయంలో తగ్గాడు. పడమటి వసారాకి రేకులా, పెంకులా అన్నదాని మీద ఇప్పుడు కొత్త పంచాయితీ పెట్టాడు.