మోటార్‌హోమ్ పైకప్పుకు సెల్ఫ్ లెవెలింగ్ ల్యాప్ సీలెంట్: పనితీరు, పరిమితులు

మోటార్‌హోమ్, అంటే లోపలే నివసించేలా ఇల్లులా అమర్చిన బండి, దాని పైకప్పు మీద కనిపించే ప్రతి వస్తువు కిందా ఒక రంధ్రం ఉంటుంది. గాలి కోసం పెట్టిన వెంట్, ఏసీ, యాంటెన్నా, సోలార్ ప్యానెల్ కాళ్లు, మరుగుదొడ్డి ట్యాంకు నుంచి పైకి వచ్చే గొట్టం, వీటన్నిటి చుట్టూ ఒక అంచు పట్టీ, ఆ పట్టీని బిగించి ఉంచే స్క్రూల వరుస ఉంటాయి. ఈ అంచులనూ స్క్రూ తలలనూ కప్పి వాన నీటిని బయటే ఆపేందుకు తయారైనది సెల్ఫ్ లెవెలింగ్ ల్యాప్ సీలెంట్. డైకార్ మొదలైన కంపెనీలు దీన్ని గొట్టాల్లో నింపి అమ్ముతాయి. ఈపీడీఎం అనే రబ్బరు పొర పరిచిన పైకప్పు మీద ఈ రకం సీలెంట్‌ను వాడి చూసిన తరువాత రాస్తున్న సమీక్ష ఇది. అతుకును కాపాడే పనికి ఇది మంచి సరుకేనని, నీరు ఎక్కడ దిగుతున్నదో తెలియకుండా అనుమానం ఉన్న చోటల్లా పోయడానికి మాత్రం పనికిరాదని నా అభిప్రాయం.

దీని విలువ అర్థం కావాలంటే పైకప్పు ఎంత కదులుతుందో ముందు తెలియాలి. 7 మీటర్ల పొడవున్న అల్యూమినియం రేకు, ఉష్ణోగ్రత 50 డిగ్రీల సెల్సియస్ మారితే, సుమారు 8 మిల్లీమీటర్లు సాగుతుంది లేదా కుంచించుకుపోతుంది. దాని పక్కనే ఉన్న ప్లాస్టిక్ అంచు మరో కొలతలో సాగుతుంది, అడుగునున్న ప్లైవుడ్ దాదాపు కదలదు. దీనికి తోడు బండి రోడ్డు మీద నడుస్తున్నంతసేపూ చట్రం మెలితిరుగుతూనే ఉంటుంది. గట్టిపడి బిగుసుకుపోయే సీలెంట్ ఈ కదలికకు తట్టుకోలేక అంచు దగ్గర వెంట్రుకవాసి చీలిక ఇస్తుంది, నీటికి ఆ దారి చాలు. ల్యాప్ సీలెంట్ ఆరిన తరువాత కూడా గోటితో నొక్కితే లోపలికి పోయేంత మెత్తగా ఉండి, అతుకుతో పాటు సాగుతుంది. నా దృష్టిలో దీనికి మార్కులు పడేది ఇక్కడే.

బాత్‌రూమ్ పనులకు వాడే మామూలు సిలికాన్‌తో సరిపెట్టుకోవచ్చు కదా అని కొందరు అడుగుతారు. రబ్బరు పొరను సిలికాన్ గట్టిగా పట్టుకోదు. అంతకంటే పెద్ద ఇబ్బంది ఏమిటంటే, ఒకసారి సిలికాన్ పూసిన చోట దాని జిడ్డు పూర్తిగా పోనంత వరకు మరే సీలెంటూ నిలవదు. పాత బండి కొన్నవారు పైకప్పు మీద మెరుస్తూ జారుడుగా ఉండే పాత పూత కనిపిస్తే, ముందు దాన్ని వదిలించే శ్రమను లెక్కలో వేసుకోవడం మంచిది.

సీలెంట్ కొనేముందు చేయవలసిన పని నీటి దారిని పట్టుకోవడం. లోపల చుక్క పడే చోటుకీ పైన నీరు దిగే చోటుకీ చాలాసార్లు సంబంధం ఉండదు. పైకప్పు పొరకూ లోపలి సీలింగుకూ మధ్య ఉన్న ప్లైవుడ్, నురుగు పలకలు, వైర్లు వెళ్లే సందుల వెంట నీరు పల్లానికి పాకి, ఏదో ఒక లైటు రంధ్రం దగ్గరో అల్మారా మూలలోనో బయటపడుతుంది. బండి ముందు భాగం కాస్త ఎత్తులో నిలిపి ఉంటే, ముందు వెంట్ దగ్గర దిగిన నీరు వెనక పడక మీద కారవచ్చు. పైపుతో నీళ్లు కొట్టి పరీక్షించేవారు కింది నుంచి మొదలుపెట్టి, ఒక్కో అతుకునే తడుపుతూ, కొంతసేపు ఆగి పైకి వెళ్లాలి. పైకప్పంతా ఒకేసారి తడిపేస్తే తెలిసేదేమీ ఉండదు. మరమ్మతు కేంద్రాలు అనుసరించే పద్ధతి ఇంతకంటే నమ్మదగినది: తలుపులు, కిటికీలు మూసి, బ్లోయర్‌తో లోపల కొద్దిపాటి గాలి ఒత్తిడి పెంచి, పైన అతుకుల మీద సబ్బు నీళ్లు చల్లితే, చీలిక ఉన్న చోట బుడగలు లేస్తాయి. ఆ బుడగలను చూసి వేసిన సీలెంట్‌కూ ఊహ మీద వేసిన సీలెంట్‌కూ ఫలితంలో పోలికే లేదు.

ఇక వాడకం విషయానికి వస్తే, గొట్టంలోని పదార్థం తేనెలా నెమ్మదిగా జారి, తనంతట తానే పరుచుకొని స్క్రూ తలల చుట్టూ సందులన్నిటినీ నింపుకుంటుంది. వేలితోనో పలకతోనో సరిచేయవలసిన అవసరం లేదు, సరిచేయబోతే అంచులు పలచబడి పని చెడుతుంది. పైపొర త్వరగానే కట్టుకుంటుంది కాని, లోపలిదాకా ఆరడానికి వాతావరణాన్ని బట్టి నెల వరకు పట్టవచ్చు. చలిలో ఇది చిక్కబడి సరిగా పరుచుకోదు కనుక, ఉష్ణోగ్రత కనీసం 10 డిగ్రీల సెల్సియస్ పైన ఉన్న పొడి రోజున ఈ పని పెట్టుకోవాలి. పొంగి పగిలిన పాత సీలెంట్‌ను ప్లాస్టిక్ స్క్రేపర్‌తో తొలగించి, మిగిలిన చోటును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచిన తరువాతే కొత్తది వేయాలి. పెట్రోలియం నుంచి వచ్చిన ద్రావకాలతో తుడవకూడదు, వాటికి ఈపీడీఎం పొర ఉబ్బి పాడవుతుంది. గట్టిగా అంటుకొని ఉన్న అదే రకం పాత పూతను మాత్రం పూర్తిగా పీకనవసరం లేదు, శుభ్రం చేసి దాని మీదే వేయవచ్చు. ఈ ఒక్క వెసులుబాటు పనిని సగానికి తగ్గిస్తుంది.

లోపాలు లేకపోలేదు. తనంతట తాను పరుచుకునే గుణమే వాలు మీద శత్రువుగా మారుతుంది: పైకప్పు గోడల వైపు వంగే చోట వేస్తే పక్కకు కారి చారలు కడుతుంది. అటువంటి చోట్లకు జారని రకం విడిగా దొరుకుతుంది, ఏది ఏ గొట్టమో లేబులు మీద చూసి కొనాలి. తెల్లగా వేసిన పూత కొంతకాలానికి దుమ్ము పట్టి నల్లబడుతుంది. కింద నిలబడి చూసేవారికి ఎలాగూ కనిపించదు కనుక దీన్ని నేను పెద్ద లోపంగా లెక్కించను. అయితే ఎండకు పైపొర మీద సన్నని పగుళ్లు రావడం దీని సహజ గుణం కాబట్టి, ఒకసారి వేసి మరిచిపోదామనుకునేవారికి ఇది తగదు. ఏడాదిలో రెండుసార్లయినా పైకెక్కి చూసుకోవలసిందే.

పొడవాటి అతుకులు, చెట్టుకొమ్మ గీరుకొని చిరిగిన పొర అయితే సీలెంట్ కంటే ఎటర్నాబాండ్ తరహా అంటుకునే టేపు మేలు. వేసిన తరువాత రోలర్‌తో గట్టిగా నొక్కితే అది పొరలో భాగమైనట్టే పట్టుకుంటుంది. కాని ఆ పట్టే ఆ తరువాత సమస్య: కింద ఉన్న వెంట్‌ను ఎప్పుడైనా మార్చవలసి వస్తే టేపుతో పాటు పైకప్పు పొర కూడా ఊడి వస్తుంది. అందువల్ల మార్చే అవకాశం ఉన్న వస్తువుల చుట్టూ సీలెంట్, ఎన్నటికీ విప్పనవసరం లేని అతుకుల మీద టేపు వాడటమే నాకు సబబుగా తోచింది.

ల్యాప్ సీలెంట్ లేబులు చెప్పనిది ఒకటి ఉంది. వెంట్ అంచుకూ పైకప్పుకూ మధ్య బ్యూటైల్ అనే జిగురు రబ్బరు పట్టీ ఉంటుంది, నీటిని నిజంగా ఆపేది అదే. పైన వేసే సీలెంట్ దానికి రెండో రక్షణ మాత్రమే. బ్యూటైల్ ఎండి, నొక్కుకుపోయి, సందు ఇచ్చిన బండికి పైన ఎన్ని గొట్టాలు ఖర్చు చేసినా కొంతకాలమే గడుస్తుంది. స్క్రూలు విప్పి, వెంట్‌ను ఎత్తి, కొత్త బ్యూటైల్ వేసి బిగించి, ఆపైన సీలెంట్ వేయడమే సరైన మరమ్మతు. స్క్రూ తిప్పినప్పుడు పట్టు లేకుండా ఊరికే తిరుగుతుంటే అడుగున చెక్క చివికిపోయిందని గ్రహించాలి. తేమ కొలిచే మీటర్ సూదులు చెక్కలో గుచ్చినప్పుడు 20 శాతం దాటి చూపితే పైన మూయడానికి తొందరపడకూడదు, ఎందుకంటే తడి చెక్కను సీలెంట్ కింద బంధిస్తే ఆ తేమ బయటికి పోయే దారి లేక కుళ్లు లోపలే పాకుతుంది. ముందు లోపలి వైపు పలక తీసి, గాలి ఆడనిచ్చి, పూర్తిగా ఆరిన తరువాతే పైన పని మొదలుపెట్టాలి. పట్టు పోయిన చెక్కను మార్చక తప్పదు.

కొనేటప్పుడు ఒక వెంట్‌కు ఒక గొట్టం అనే అంచనాతో వెళ్లడం సురక్షితం, పెద్ద స్కైలైట్‌కు అది చాలదు. తెరిచిన గొట్టం మూతిలో కొద్ది రోజుల్లోనే గట్టిపడుతుంది కనుక తరువాతి ఏడాదికని దాచుకోవడం వృథా. గొట్టం మీద తయారీ తేదీ చూసి, పాత నిల్వ అయితే వెనక్కి పెట్టేయండి: కాలం మీరిన సీలెంట్, గొట్టాన్ని నొక్కే గన్‌లోంచి ముద్దలుగా వస్తుంది, పరుచుకోదు.