పదహారేళ్లకు రాకెట్ పట్టినవారికి ఏ దారి మేలు?

"ఇప్పుడు టెన్నిస్ మొదలుపెడితే ప్రొఫెషనల్ ఆటగాణ్ని కాగలనా?" పదిహేనేళ్లవాళ్లు, పదహారేళ్లవాళ్లు, ఒక్కోసారి ఇరవై దాటినవాళ్లు కూడా నన్ను అడిగే ప్రశ్న ఇది. కోచ్‌గా దీన్ని తేలిగ్గా తీసుకోవడం నాకు చేతకాదు. అవుననో కాదనో ఒక్క మాటలో తేల్చేస్తే అడిగినవారికి అన్యాయం చేసినట్టే. ముందున్న దారులను పక్కపక్కన పెట్టి చూడాలి. నేరుగా సింగిల్స్ టోర్నీల్లోకి దిగడం ఒకటి, అమెరికా యూనివర్సిటీ జట్ల మీదుగా వెళ్లడం మరొకటి, డబుల్స్‌నే నమ్ముకోవడం ఇంకొకటి. నా మొగ్గు ఎటో ముందే చెబుతాను. ఆలస్యంగా మొదలుపెట్టినవారికి డబుల్సే మేలు, అక్కడికి యూనివర్సిటీ మీదుగా వెళ్లగలిగితే ఇంకా మేలు. ఈ అభిప్రాయం నాకు ఒక కుర్రాణ్ని చూశాకే గట్టిపడింది.

మూడేళ్ల క్రితం పదహారేళ్ల వయసులో నా దగ్గరికి వచ్చాడు. అంతకుముందు వాలీబాల్ ఆడేవాడు. మొదటి రోజు బుట్టెడు బంతులు పక్కన పెట్టి సర్వ్ చేయమన్నాను. రాకెట్‌ను అట్లపెనం పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఎగరేసిన బంతి తల వెనక్కి పోయేది. అయినా ఆ భుజం తిరిగిన తీరు, గాలిలోకి లేచిన తీరు చూసి అలాగే నిలబడిపోయాను. సర్వ్‌కు వాడే కాంటినెంటల్ గ్రిప్ అనే పట్టు అలవాటు కావడానికి మూడు నెలలు పట్టింది. ఏడాది తిరిగేసరికి అతని మొదటి సర్వ్‌కు, చిన్నప్పటి నుంచి ఆడుతున్న జూనియర్లు రెండడుగులు వెనక్కి జరిగి నిలబడేవారు. అదే రోజుల్లో పన్నెండేళ్ల అమ్మాయి ఒకతె వేసిన రెండో సర్వ్ అతని భుజం పైకి లేచిపోయేది. రాకెట్ అంచుకు తగిలి బంతి పక్క కోర్టులో పడేది. ఆమె సర్వ్‌లో వేగం లేదు, తిప్పుడు (స్పిన్) మాత్రమే ఉంది. ఆ తిప్పుడును అతని కన్ను చదవలేకపోయింది.

అసలు తేడా అక్కడే ఉంది. టెన్నిస్ మొత్తంలో బంతి మన చేతిలోంచి మొదలయ్యే దెబ్బ సర్వ్ ఒక్కటే. ఎవరూ తొందరపెట్టరు, బంతి ఎక్కడికి ఎగరేయాలో మనమే నిర్ణయిస్తాం. ఒంటరిగా రోజుకు రెండు వందల సర్వ్‌లు వేసి సాధన చేయవచ్చు. రిటర్న్, అంటే ఎదుటివారి సర్వ్‌ను తిప్పికొట్టడం, అలా కాదు. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో బయలుదేరిన బంతి సెకనుకు 55 మీటర్లు దూసుకొస్తుంది. కోర్టు పొడవు 23.77 మీటర్లు. గాలిలోనూ నేల తాకాకా వేగం తగ్గినా, చేతిలో ఉండేది అర సెకను, మరి కాస్త. అంత కొద్ది వ్యవధిలో బంతిని చూసి ఆలోచించే వీలుండదు. ఎదుటివారు బంతిని ఎటు ఎగరేశారు, భుజం ఎంత తిరిగింది అన్నవాటిని బట్టి శరీరం ముందే కదలాలి. ఆ చదువు ఏడెనిమిదేళ్ల వయసు నుంచి వేల వేల బంతులు చూసిన కళ్లకు వస్తుంది. ఆలస్యంగా వచ్చినవారు సర్వ్‌ను, బంతి నేల తాకకముందే కొట్టే వాలీని చాలావరకు అందుకోగలరు. రిటర్న్‌లో, వెనక గీత దగ్గరి పొడవాటి ర్యాలీల్లో మాత్రం అప్పు మిగిలిపోతుంది. ఏ దారి మేలన్నది ఆ అప్పు ఎక్కడ తక్కువగా బయటపడుతుందన్న దాన్ని బట్టే తేలుతుంది.

ఇక సింగిల్స్. తలుపు తెరిచే ఉంటుంది. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య (ఐటీఎఫ్) టోర్నీల్లో ఆడడానికి గరిష్ఠ వయసు లేదు. పురుషుల్లో అన్నిటికంటే కింది మెట్టు ఎం15 టోర్నీలు. వాటి మొత్తం బహుమతి 15,000 డాలర్లు. అందులో సింగిల్స్ విజేతకు దక్కేది సుమారు 2,100 డాలర్లు, 15 ర్యాంకింగ్ పాయింట్లు. 32 మంది ఉండే ప్రధాన డ్రాలో మొదటి రౌండులోనే ఓడితే పాయింట్లు సున్నా, వచ్చే డబ్బు ప్రయాణానికి ఏ మూలకూ రాదు. ర్యాంకు లేనివారు ఆ డ్రాలోకి రావడానికే ముందు క్వాలిఫయింగ్ అనే అర్హత మ్యాచ్‌లు గెలవాలి. అక్కడ ఎదురయ్యేవారంతా పదేళ్లకు పైగా రిటర్న్ ఆడినవారు. ఐటీఎఫ్ 2013 లెక్కలతో చేసిన పరిశీలనలో, కోచ్ ఖర్చు కలపకుండానే ఏడాదికి పురుషులకు సగటున 38,800 డాలర్లు, మహిళలకు 40,180 డాలర్లు ఖర్చవుతాయని తేలింది. పురుషుల్లో 336వ ర్యాంకు, మహిళల్లో 253వ ర్యాంకు దగ్గరికి వస్తేనే రాబడి, ఖర్చు సరిసమానం. ఆ తర్వాత బహుమతులు పెరిగాయి. 2024లో పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్‌ను నడిపే ఏటీపీ మొదటి 250 ర్యాంకులవారికి కనీస ఆదాయ భరోసా కూడా మొదలుపెట్టింది. కానీ ఆ భరోసా పైమెట్ల మీద ఉన్నవారికే. కింది మెట్టు మీద ఉన్నవారు ఇప్పటికీ ఇంటి డబ్బుతోనే తిరగాలి.

ఇక్కడ చాలామంది నాకు విక్టర్ ఎస్ట్రెల్లా బుర్గోస్‌ను గుర్తుచేస్తారు. నిజంగా గొప్ప కథే. డొమినికన్ రిపబ్లిక్‌కు చెందిన ఆయన 2014లో, 33 ఏళ్ల వయసులో తొలిసారి టాప్ 100లో అడుగుపెట్టారు. మరుసటి ఏడాది ఈక్వడార్‌లోని కీటోలో టైటిల్ గెలిచి, దాన్ని 2016, 2017లోనూ నిలబెట్టుకున్నారు. అయితే ఆయన ఆట మొదలుపెట్టింది చిన్నతనంలోనే. ఆలస్యంగా పూయడం వేరు, ఆలస్యంగా నాటడం వేరు. యానిక్ సిన్నర్ పదమూడేళ్ల వరకు స్కీయింగ్ చేశారంటారు, నిజమే. కానీ ఆ వయసుకే ఆయన చేతికి రాకెట్ కొత్త కాదు. ఫ్రెడ్ పెర్రీ 1929లో టేబుల్ టెన్నిస్ ప్రపంచ విజేత అయి, ఆ తర్వాత 1934 నుంచి 1936 వరకు వరుసగా మూడుసార్లు వింబుల్డన్ గెలిచారు. అది అకాడమీలు, ఆరేళ్ల పిల్లలకు ప్రత్యేక కోచ్‌లు లేని కాలం. ఈ పేర్లు చూపించి పదహారేళ్ల పిల్లవాణ్ని సింగిల్స్‌లోకి తోస్తే మోసం చేసినట్టే అవుతుంది.

యూనివర్సిటీ దారికి ఉన్న పెద్ద బలం కాలం. చదువుతో పాటు నాలుగేళ్లు కోర్టు, కోచ్, వ్యాయామశాల, ప్రతి వారం పోటీ దొరుకుతాయి. జాన్ ఇస్నర్ నాలుగేళ్లూ యూనివర్సిటీ జట్టులో ఆడాకే 2007లో ప్రొఫెషనల్ అయ్యారు. వర్జీనియా యూనివర్సిటీకి ఆడిన డానియెల్ కాలిన్స్ 2022లో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్‌దాకా వెళ్లారు. బెన్ షెల్టన్ 2022లో కాలేజీ సింగిల్స్ టైటిల్ గెలిచి, మరుసటి ఏడాది యూఎస్ ఓపెన్ సెమీఫైనల్ ఆడారు. వీళ్లెవరూ పదహారేళ్లకు మొదలుపెట్టినవారు కారు. నేను చూపించదలచింది వాళ్ల వయసును కాదు, ఆ వ్యవస్థ ఇచ్చే గడువును. ఇంకో విషయం ఉంది. జట్టు పోటీలో ముందు మూడు డబుల్స్ మ్యాచ్‌లు, తర్వాత ఆరు సింగిల్స్ ఉంటాయి. డబుల్స్‌లో రెండు మ్యాచ్‌లు గెలిచిన జట్టుకు ఒక పాయింట్. ఆ ఒక్క పాయింట్‌తోనే పోటీ తేలే రోజులుంటాయి, అందుకే కోచ్‌లు మంచి సర్వ్, మంచి వాలీ ఉన్నవారి కోసం వెతుకుతారు.

చిక్కులూ చిన్నవి కావు. అమెరికా కాలేజీ క్రీడల్లో పై అంచె అయిన డివిజన్ 1లోని పెద్ద జట్లలో చోట్ల కోసం ప్రపంచం నలుమూలల నుంచి జూనియర్లు పోటీపడతారు. కింది అంచె అయిన డివిజన్ 3లో క్రీడా స్కాలర్‌షిప్పులే ఉండవు, చదువులో మార్కులు చూపించి సాయం తెచ్చుకోవాలి. స్కూలు చదువు ముగిశాక ఏళ్ల తరబడి టోర్నీలు ఆడుతూ కూర్చుంటే ఆడే అర్హత కాలం కరిగిపోతుంది. ముందు సింగిల్స్ ప్రయత్నించి కుదరకపోతే కాలేజీకి వెళ్తానన్న లెక్క అందుకే చాలాసార్లు తప్పుతుంది. ఇరవై రెండేళ్లకు మొదలుపెట్టినవారికి ఈ దారి దాదాపు మూసినట్టే.

డబుల్స్ దగ్గరికి వస్తే నాకు మాట ఆగదు. కోర్టు వెడల్పు 10.97 మీటర్లు, ఇద్దరు పంచుకుంటే ఒక్కొక్కరికి ఐదున్నర మీటర్లే. సింగిల్స్‌లో ఒక్కరే 8.23 మీటర్లు కాపాడుకోవాలి. ర్యాలీలు చిన్నవి. ఏటీపీ టోర్నీల్లో 40-40 దగ్గర ఒకే పాయింట్‌తో గేమ్ తేలిపోతుంది, మూడో సెట్ బదులు పది పాయింట్ల టై బ్రేక్ ఉంటుంది. పెద్ద సర్వ్, చురుకైన వాలీ ఉన్న జట్టుకు ఇది కలిసొచ్చే లెక్క. ఆలస్యంగా వచ్చినా నేర్చుకోగల సర్వ్, వాలీలకు ఇక్కడ విలువ ఎక్కువ, రిటర్న్ అప్పును భాగస్వామి కొంత మోస్తాడు.

అన్నిటికంటే పెద్ద సంగతి వయసు. పదకొండేళ్లకు టెన్నిస్ మొదలుపెట్టిన రోహన్ బోపన్న 2024 జనవరిలో, 43 ఏళ్ల వయసులో ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచి ప్రపంచ నంబర్ వన్ అయ్యారు. రాజీవ్ రామ్ 38 ఏళ్లకు ఆ స్థానం అందుకున్నారు. షే సు వెయ్ 38 ఏళ్ల వయసులో అదే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మహిళల డబుల్స్ టైటిల్ గెలిచారు. సింగిల్స్‌లో ముప్పై దాటితే కాళ్లు వెనకాడడం మొదలవుతుంది. డబుల్స్‌లో ఇంకో పదేళ్లు మిగులుతాయి. ఆలస్యంగా మొదలుపెట్టినవారికి పోయిన ఏళ్లను చివర్లో తిరిగిచ్చే దారి ఇదొక్కటే. లోటు ఏమిటంటే, బహుమతి తక్కువ, అదీ ఇద్దరికి. నమ్మకమైన భాగస్వామి దొరకాలి. సింగిల్స్ ర్యాంకు బలంతో డబుల్స్ డ్రాలోకి వచ్చేవారితో చోటు పంచుకోవాలి. డబుల్స్ ఆడుతూ కోచింగ్‌తో ఇల్లు గడుపుకోవాల్సిన ఏళ్లు చాలానే ఉంటాయి. ఇంట్లోవాళ్లకు ఆ మాట ముందే చెప్పాలి.

టెన్నిస్‌ను పోలి, చిన్న కోర్టుల్లో ఆడే పికిల్‌బాల్, పాడెల్ గురించి కూడా అడుగుతారు. ఇరవై దాటాక మొదలుపెట్టి, చేతి చురుకు ఉన్నవారికి అవి టెన్నిస్ కంటే దగ్గరి దారులే. జాక్ సాక్ 2023లో టెన్నిస్ వదిలి పికిల్‌బాల్‌లోకే వెళ్లారు. కానీ మనసంతా టెన్నిస్ మీద ఉన్నవారిని అటు పంపడం నాకు ఇష్టం లేదు.

ఏ దారి పట్టినా ముందు ఒక ఏడాది వీలైనన్ని మ్యాచ్‌లు ఆడమంటాను. ఆటగాడి స్థాయిని చూపే ఐటీఎఫ్ రేటింగ్ వరల్డ్ టెన్నిస్ నంబర్ 40 నుంచి 1 వరకు ఉంటుంది, ఆట మెరుగయ్యేకొద్దీ సంఖ్య దిగుతుంది. ఏడాదిలో అది ఎంత దిగిందో చూడాలి. బాగా దిగుతూ ఉంటే ఖర్చు గురించి మాట్లాడుకుందాం. కదలకుండా నిలిచిపోతే విమానం టికెట్ల కంటే ముందు రిటర్న్ సంగతి చూడాలి.

ఆ కుర్రాడు ఇప్పుడు ఒక డివిజన్ 3 జట్టులో మూడో డబుల్స్ ఆడుతున్నాడు. సింగిల్స్ ఆరుగురిలో ఇంకా చోటు రాలేదు. మొన్న ఫోను చేసి, వేసవి సెలవుల్లో ఎం15 సింగిల్స్ క్వాలిఫయింగ్‌కు పేరు ఇవ్వనా అని అడిగాడు. ఇవ్వమన్నాను, అయితే ముందు జట్టులోని తన భాగస్వామితో డబుల్స్‌కు నమోదు చేసుకుని, సింగిల్స్ ఆ తర్వాత చూసుకోమన్నాను. రోజూ సాయంత్రం ఎడమచేతి వాటం ఆటగాడొకరితో తిప్పుడుతో పైకి లేచే కిక్ సర్వ్‌లు వంద వేయించుకుని తిప్పికొడుతున్నానని చెప్పాడు. ఎన్ని తిరిగి వెళ్తున్నాయని అడిగాను. మొన్నటిదాకా ముప్పై, నిన్న నలభై ఒకటి అన్నాడు.