ఇంటర్ కాగానే డీపీఈడీయా, డిగ్రీ చేసి బీపీఈడీయా? పీఈటీ కావాలనుకునేవాళ్లకు ఏది మేలు?

మొన్న ఆదివారం సాయంత్రం ఒకాయన కొడుకును వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. కుర్రాడు పది దాకా మా బళ్లోనే చదివాడు. కబడ్డీలో మంచి రైడర్, అండర్-17లో జిల్లా జట్టుకు ఆడాడు. ఇంటర్ పరీక్షలు రాసి ఫలితాల కోసం చూస్తున్నాడు.

"సార్, వీడు మీలాగే పీఈటీ అవుతానంటున్నాడు. ఇంటర్ కాగానే డీపీఈడీలో వేస్తే రెండేళ్లలో తేలిపోతుందని మా బావమరిది చెప్పాడు. వీడేమో డిగ్రీ చదివి బీపీఈడీ చేస్తానంటాడు. ఏది మేలంటారు?" అని అడిగాడు.

పీఈటీ అంటే బళ్లో ఆటలు, వ్యాయామం నేర్పే టీచర్. ఆ ఉద్యోగానికి ఇంటర్ తర్వాత చేసే డిప్లొమా డీపీఈడీ, డిగ్రీ తర్వాత చేసేది బీపీఈడీ. ఏటా ఈ రోజుల్లో ఈ ప్రశ్న నా దగ్గరికి వస్తూనే ఉంటుంది. ఆ ఇద్దరికీ టీ తాగేలోపు చెప్పినదాన్నే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. నేను రెండు దారుల్లోనూ నడిచినవాణ్ణి. ఇంటర్ తర్వాత యూజీడీపీఈడీ చేశాను. ఇప్పటి డీపీఈడీకి అప్పటి పేరు అది. తర్వాత ప్రైవేటు స్కూల్లో పనిచేస్తూ దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేసి, ఆ పైన బీపీఈడీ చేశాను. ఇప్పుడు జిల్లా పరిషత్ హైస్కూల్లో వ్యాయామ విద్య స్కూల్ అసిస్టెంట్‌ని.

ముందు కాలం లెక్క చూద్దాం. డీపీఈడీ ఇంటర్ మీద రెండేళ్లు. ఎక్కడా ఆగకుండా చదివితే ఇరవై ఏళ్లకు చేతిలో సర్టిఫికెట్ ఉంటుంది. బీపీఈడీ డిగ్రీ మీద రెండేళ్లు, అంటే ఇంటర్ తర్వాత మొత్తం ఐదేళ్లు. ఒకప్పుడు బీపీఈడీ ఏడాదే ఉండేది. ఎన్‌సీటీఈ (టీచర్ల శిక్షణ కోర్సులకు గుర్తింపు ఇచ్చే జాతీయ మండలి) 2014 నిబంధనలు వచ్చాక 2015 నుంచి నాలుగు సెమిస్టర్లయింది. ఈ మూడేళ్ల తేడా చూసే చాలామంది తల్లిదండ్రులు డీపీఈడీ వైపు మొగ్గుతారు. చదివించే స్తోమత లేని ఇంట్లో మూడేళ్లంటే చిన్న విషయం కాదు, నాకు తెలుసు. కానీ లెక్క అక్కడితో అయిపోదు.

రెండింటికీ ప్రవేశ పరీక్ష ఒకటే, పీఈసెట్. ఇందులో రాత పరీక్ష లేదు, అంతా గ్రౌండులోనే. 100 మీటర్ల పరుగు, షాట్‌పుట్, లాంగ్ జంప్ లేదా హై జంప్, వీటితోపాటు మగవాళ్లకు 800 మీటర్లు, ఆడవాళ్లకు 400 మీటర్ల పరుగు ఉంటాయి. ఆ పైన మనం ఎంచుకున్న ఒక ఆటలో స్కిల్ టెస్ట్ పెడతారు. ఇక్కడ డీపీఈడీవాళ్లకు ఒక అనుకూలత ఉంది. పద్దెనిమిదేళ్ల పిల్లలు అప్పటిదాకా ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) టోర్నమెంట్లు ఆడుతూ వచ్చినవాళ్లు, ఒంట్లో పదును తగ్గదు. డిగ్రీ మూడేళ్లు గ్రౌండు మొహం చూడకుండా గడిపి, చివర్లో రెండు నెలలు పరిగెత్తి పీఈసెట్‌కు వచ్చినవాళ్లను చాలామందినే చూశాను. 800 మీటర్లలో రెండో రౌండు సగానికి వచ్చేసరికే తెలిసిపోతుంది, ఎవరు మూడేళ్లు పరిగెత్తారో, ఎవరు రెండు నెలలు పరిగెత్తారో.

కాబట్టి డిగ్రీ దారి పట్టేవాళ్లు కాలేజీ జట్టులో చేరి తీరాలి. ఏదో ఒక ఆటలో ఇంటర్ కాలేజియేట్ ఆడాలి. బీపీఈడీ అర్హతకు ఎన్‌సీటీఈ డిగ్రీ మార్కులతో పాటు ఆటల్లో పాల్గొన్న అనుభవం కూడా అడుగుతుంది. బడిలో ఆడిన ఎస్‌జీఎఫ్ సర్టిఫికెట్లను కూడా ఫైల్లో పెట్టి దాచుకోండి. టోర్నమెంట్ అయిన రోజు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, తర్వాత ఉతుక్కి వేసిన పిల్లలు నాకు తెలుసు.

పోస్టుల దగ్గర అసలు తేడా

డీపీఈడీ అర్హతతో పీఈటీ పోస్టుకు పోటీ పడొచ్చు. హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్ (పీఈ, అంటే వ్యాయామ విద్య) పోస్టుకు డిగ్రీ, బీపీఈడీ కావాలి. ఈ రెండు పోస్టుల మధ్య సంఖ్యలోనూ జీతంలోనూ తేడా పెద్దదే.

ప్రభుత్వ టీచర్ పోస్టుల నియామకానికి పెట్టే డీఎస్సీ చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీనే తీసుకోండి. మొత్తం 16,347 పోస్టుల్లో పీఈటీ పోస్టులు 132 మాత్రమే. అదే నోటిఫికేషన్‌లో స్కూల్ అసిస్టెంట్ (పీఈ) పోస్టులు వెయ్యి దాటాయి. తెలంగాణలో 2024 డీఎస్సీ 11,062 పోస్టులకు వచ్చింది. అందులో పీఈటీలు 182. అంటే తెలంగాణలో డీపీఈడీవాళ్లకు తలుపు మరీ మూసుకుపోలేదు. కానీ ఒక మెలిక ఉంది. పీఈటీ పోస్టుకు బీపీఈడీ చేసినవాళ్లు కూడా పోటీకి వస్తారు. డీపీఈడీ ఒక్కటే ఉన్నవాళ్లు మాత్రం స్కూల్ అసిస్టెంట్ పోస్టు వైపు చూడలేరు. వాళ్లు మన పోస్టుకు రాగలరు, మనం వాళ్ల పోస్టుకు పోలేం. డీపీఈడీలో చేర్పించే ముందు తల్లిదండ్రులు ఈ ఒక్క మాటను బాగా ఆలోచించుకోవాలి.

జీతం సంగతి. తెలంగాణలో 2020 పీఆర్సీ (వేతన సవరణ) ప్రకారం పీఈటీ స్కేలు 31,040 రూపాయల దగ్గర మొదలవుతుంది, స్కూల్ అసిస్టెంట్ స్కేలు 42,300 దగ్గర. మూల వేతనంలోనే పదకొండు వేల పైచిలుకు తేడా. డీఏ, ఇంటద్దె భత్యం కూడా మూల వేతనం మీదే కడతారు కాబట్టి చేతికొచ్చేటప్పటికి తేడా ఇంకా పెరుగుతుంది. ఐదేళ్ల చదువుకు, రెండేళ్ల చదువుకు మధ్య పోయిన మూడేళ్లు ఇక్కడ తిరిగొస్తాయి.

రాష్ట్ర డీఎస్సీ దాటి చూస్తే బీపీఈడీ బలం ఇంకా తెలుస్తుంది. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయల్లో వ్యాయామ ఉపాధ్యాయుడికి అడిగేది ఆ స్థాయి చదువే. ఇందులో పీజీ అయిన ఎంపీఈడీ చేయాలన్నా మామూలుగా బీపీఈడీ మీదుగానే పోవాలి. ఎంపీఈడీతో జూనియర్ కాలేజీ ఫిజికల్ డైరెక్టర్ కావచ్చు. నెట్ లేదా సెట్ (కాలేజీల్లో పనిచేయడానికి అర్హత పరీక్షలు) కూడా పాసైతే డిగ్రీ కాలేజీకీ పోవచ్చు. 2023లో తెలంగాణ గురుకులాల నోటిఫికేషన్లలో పాఠశాలల ఫిజికల్ డైరెక్టర్ పోస్టులే 275 వచ్చాయి.

అలాగని బీపీఈడీ అయిపోగానే ఉద్యోగం ఇంటికి నడిచి రాదు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో, వచ్చినా ఎప్పుడు తేలుతుందో ఎవరూ చెప్పలేరు. తెలంగాణ గురుకులాల్లో 616 పీఈటీ పోస్టులకు 2017లో నోటిఫికేషన్ వస్తే, కోర్టు కేసులు దాటుకుని నియామకాలు జరిగేసరికి 2024 అయింది. ఆ ఏడేళ్లలో ఎంతమందికి పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు, ఎంతమంది ఆశ వదిలేసుకుని వేరే పనుల్లోకి పోయారు. ఈ మాట చెప్పకుండా ఎవరినీ ఈ చదువులోకి రమ్మనడం న్యాయం కాదు.

ఒక ఊరట కూడా ఉంది. 2024 తెలంగాణ డీఎస్సీలో వ్యాయామ విద్య పోస్టులకు టెట్ (టీచర్ అర్హత పరీక్ష) అడగలేదు. రాత పరీక్ష 100 మార్కులకు పెట్టారు. మిగతా టీచర్ పోస్టులకు టెట్ టెన్షన్ వేరే ఉంటుంది.

డీపీఈడీ ఎవరికి మేలు

ఇంత చెప్పాక డీపీఈడీ వద్దంటున్నానని అనుకోవద్దు. నాన్న పోయిన ఏడాది నేను డీపీఈడీలో చేరాను. ఇంట్లో ఇద్దరు చెల్లెళ్లు. మూడేళ్లు డిగ్రీ చదివే వీలు మాకు లేదు. సర్టిఫికెట్ చేతికి రాగానే ఒక ప్రైవేటు స్కూల్లో చేరాను. ఇచ్చిన జీతం తక్కువే. పొద్దున బస్ డ్యూటీ, అసెంబ్లీ, యూనిఫాం, గోళ్ల చెకింగు, ఎవరైనా టీచర్ రాకపోతే ఆ క్లాసులో కూర్చోవడం, ఇన్నీ అయ్యాక ఎప్పుడైనా ఆట. అయినా ఆ డబ్బుతో ఇల్లు నడిచింది. ఆదివారాలు దూరవిద్య క్లాసులకు వెళ్లి డిగ్రీ పూర్తి చేశాను. డీపీఈడీ లేకపోతే నేను ఈ రంగంలోనే ఉండేవాణ్ణి కాదు.

కాబట్టి ఇంట్లో వెంటనే సంపాదన కావాల్సిన పిల్లలకు డీపీఈడీ మంచి దారే. కాకపోతే అందులో చేరిన రోజే, తర్వాత డిగ్రీ ఎలా చదవాలో కూడా అనుకుని చేరాలి. ఇరవై ఏళ్లకు ఉద్యోగంలో చేరినవాళ్లలో ఎక్కువమంది అక్కడే ఆగిపోతారు. రోజంతా ఎండలో నిలబడి ఇంటికొచ్చి పుస్తకం పట్టడం ఎంత కష్టమో నేను అనుభవించాను. మధ్యలో రెండుసార్లు మానేద్దామనుకున్నాను.

ఆడపిల్లల విషయంలో ఇంకో మాట. కస్తూర్బా విద్యాలయాల్లో పీఈటీలుగా ఆడవాళ్లనే తీసుకుంటారు. అవి కాంట్రాక్టు ఉద్యోగాలే, కానీ పిల్లలతో పనిచేసిన అనుభవం వస్తుంది. ఆడపిల్లల గురుకులాల్లోనూ ఆడవాళ్ల అవసరం ఎక్కువే. వయసుకొచ్చే పిల్లలు నెలసరి రోజుల్లో గ్రౌండుకు రావాలా వద్దా అన్న సందేహాన్ని నా దగ్గర నోరు విప్పి అడగలేరు, మేడం దగ్గర అడుగుతారు. మా బళ్లో మేడం లేరు. ఆ లోటు నాకు ప్రతి ఏడాదీ కనిపిస్తూనే ఉంటుంది.

చదువులో ఏం తేడా

డీపీఈడీలో ఎక్కువగా చేయించి నేర్పుతారు. డ్రిల్లు, కవాయతు, చిన్న ఆటలు, ఆటల నియమాలు, బళ్లకు వెళ్లి పాఠం చెప్పడం. బీపీఈడీలో అవన్నీ ఉంటూనే శరీర నిర్మాణం, వ్యాయామ శరీరధర్మ శాస్త్రం, కినిసియాలజీ (శరీర కదలికల శాస్త్రం), క్రీడా మనస్తత్వం, కొలతలు-మూల్యాంకనం లోతుగా వస్తాయి. ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు నాకు బీపీఈడీలోనే దొరికింది.

ట్రాక్ మార్కింగే చూడండి. ప్రైవేటు స్కూల్లో నేను మొదటిసారి స్పోర్ట్స్ డేకి ట్రాక్ వేసినప్పుడు మేకు దిగ్గొట్టి, తాడు కట్టి, సున్నంతో వంపులు గీశాను. బయటి లేన్‌వాళ్లను కొంచెం ముందు నిలబెట్టాలని తెలుసు. ఎంత ముందో తెలియదు. ఎవరో చెప్పిన అంకె గుర్తుపెట్టుకుని నిలబెట్టాను. రేసు అయ్యాక నాలుగో లేన్‌లో పరిగెత్తిన పిల్ల ఏడుస్తూ వచ్చి "సార్, నేను ఎక్కువ దూరం పరిగెత్తాను" అంది. ఆ పిల్ల చెప్పింది నిజమే. తర్వాత టేపు పెట్టి కొలిస్తే తేలింది.

బీపీఈడీలో ఆ లెక్క నేర్చుకున్నాను. మొదటి లేన్‌ను లోపలి కర్బ్ (ట్రాక్ లోపలి అంచు గట్టు) నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో కొలుస్తారు, మిగతా లేన్లను గీత నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో. లేన్ వెడల్పు 1.22 మీటర్లు అయితే, 400 మీటర్ల రేసులో రెండో లేన్‌కు స్టాగర్ (ముందుకు జరిపి నిలబెట్టాల్సిన దూరం) 7.04 మీటర్లు వస్తుంది, ఆ తర్వాత ప్రతి లేన్‌కూ ఇంకో 7.67 మీటర్లు కలుస్తుంది. ఈ లెక్క ఎలా వచ్చిందో అర్థమైతే బడి గ్రౌండు చిన్నదైనా, 200 మీటర్ల ట్రాకైనా మనమే కట్టుకోవచ్చు. అప్పుడు ఏ పిల్లా అన్యాయంగా ఓడిపోదు. డీపీఈడీలో కూడా ట్రాక్ మార్కింగ్ చెబుతారు, కానీ నేను దాన్ని బట్టీ పట్టాను. కారణం నా వయసో, చెప్పిన తీరో, రెండూనో.

మధ్యలో ఎన్ఐఎస్ మాట

కొంతమంది పిల్లలు "సార్, పాటియాలా వెళ్లి ఎన్ఐఎస్ చేస్తే?" అంటారు. ఎన్ఐఎస్ అంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్స్. 1961లో మొదలైన ఆ సంస్థ కోచ్‌లను తయారుచేస్తుంది. ఒక్క ఆటలో జాతీయ స్థాయిలో ఆడి, ఆ ఆటకే జీవితం ఇవ్వాలనుకునేవాళ్లకు దానికి మించింది లేదు. కానీ ఆ డిప్లొమా డీఎస్సీలో బీపీఈడీకి బదులు కాదు. ఇది తెలియక ఏడాది పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. కోచ్ బాగా ఆడేవాళ్లను ఏరి తీసుకుంటాడు, పీఈటీకి బళ్లో ఉన్న పిల్లలందరూ కావాలి. రెండూ ఒకే మనిషిలో ఉండవని కాదు. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్ జట్టుకు స్వర్ణం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాదు బడి పంతులే. అలాంటివాళ్లు అరుదు.

ఏ కోర్సులో చేరినా కాలేజీకి ఎన్‌సీటీఈ గుర్తింపు ఉందో లేదో మీరే చూసుకోండి. "హాజరు మేం చూసుకుంటాం, పరీక్షలకు వస్తే చాలు" అని ఎవరైనా అంటే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి. సర్టిఫికెట్ల పరిశీలనలో చిక్కు వస్తే ర్యాంకు వచ్చినా ఏం లాభం? పైగా రెండేళ్లు గ్రౌండులో నిలబడకుండా వచ్చినవాళ్లు అరవై మంది పిల్లల్నీ ఒక్క బంతినీ ఇస్తే ఏం చేయాలో తెలియక విజిల్ ఊది ఊరుకుంటారు.

ఆ రోజు ఆ తండ్రికి ఇదే చెప్పాను. "అన్నా, మీకు మూడేళ్లు ఆగే వీలుందా?" అని అడిగితే, "రెండెకరాలున్నాయి సార్, తిండికి లోటు లేదు" అన్నాడు. అయితే డిగ్రీలో చేర్పించండి, కబడ్డీ జట్టున్న కాలేజీ చూసి చేర్పించండి అన్నాను. కుర్రాడి మొహం వెలిగింది.

వాణ్ణి రేపటి నుంచి పొద్దున ఆరింటికల్లా గ్రౌండుకు రమ్మన్నాను. అండర్-17లో వాడు షాట్‌పుట్‌లో వేసింది 5 కిలోల గుండు. పీఈసెట్‌లో మగవాళ్లకు 6 కిలోలు. ఆ ఒక్క కిలో చెయ్యికి అలవాటు కావాలంటే మూడేళ్లు ముందుగానే మొదలుపెట్టాలి. గుండు బీరువాలోంచి తీసి తుడిచి పెట్టాను.