నెంబరు చెరిపేసిన ఐసీ: మీటరా, డొనార్ బోర్డా, ప్రోగ్రామరా?

నెంబరు గీకేసిన ఐసీ (చిప్) ఫోటో పంపి "ఇది ఏ ఐసీ అన్నా?" అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. డిజైన్ కాపీ కొట్టకుండా కొన్ని కంపెనీలు ఐసీ పైభాగాన్ని అరగదీస్తాయి, లేదా లేజర్‌తో కాల్చేస్తాయి. ఆ ఒక్క ఫోటో పట్టుకుని హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్స్ షాపులుండే గుజరాతీ గల్లీ అంతా తిరిగినా, ఎంత అనుభవం ఉన్న షాపువాళ్లైనా కాళ్లు లెక్కపెట్టి చెప్పడం తప్ప చేయగలిగింది లేదు.

దారులు ముఖ్యంగా మూడు: చుట్టూ ఉన్న సర్క్యూట్‌ను మీటరుతో చదవడం, అదే మోడల్ డొనార్ బోర్డుతో (విడిభాగాల కోసం వాడుకునే ఇంకో బోర్డు) పోల్చడం, ప్రోగ్రామర్ (చిప్ లోపలి డేటా చదివే పరికరం) పెట్టి ఐసీనే అడగడం. వీటిలో ఏది మేలో తేల్చడానికి నేను చూసేది ఒకటే. ఐసీ చచ్చిపోయినా ఆ పద్ధతి పనిచేస్తుందా? రిపేరులో మనం వెతికేది చాలాసార్లు కాలిపోయినదాన్నే కదా. ఐసీ కాలిపోయినా దాని చుట్టూ ఉన్న రెసిస్టర్లు, కాయిల్, ట్రాకులు మామూలుగా అలాగే ఉంటాయి. అందుకే నా ఓటు మీటరుకే.

12 వోల్టుల రూటర్ బోర్డు మీద ఆరు కాళ్ల ఐసీ ఉందనుకోండి. మీటరు బజర్ మోడ్‌లో (రెండు చోట్లు కలిసి ఉంటే బీప్ కొడుతుంది) చూస్తే ఒక కాలు గ్రౌండ్‌కి, ఒకటి 12 వోల్టుల ఇన్‌పుట్‌కి, ఒకటి కాయిల్‌కి కలుస్తున్నాయి. ఇంకో కాలికీ కాయిల్ కాలికీ మధ్య చిన్న కెపాసిటర్ ఉంది. ఇక అది బక్ కన్వర్టర్, అంటే వోల్టేజి తగ్గించే ఐసీ అనే అనుకోవచ్చు. మిగిలిన రెండింటిలో రెండు రెసిస్టర్ల మధ్యకు వెళ్లేది ఫీడ్‌బ్యాక్, అంటే అవుట్‌పుట్ ఎంతుందో ఐసీ చూసుకునే కాలు. అసలు సమాచారమంతా అక్కడే ఉంది. అవుట్‌పుట్ వైపు రెసిస్టర్ మీద 333, గ్రౌండ్ వైపు దాని మీద 103 అని ఉంటే 33 కిలో ఓమ్‌లు, 10 కిలో ఓమ్‌లు. ఆ లైన్ మీద విన్‌బాండ్ 25క్యూ64 లాంటి 3.3 వోల్టుల ఫ్లాష్ మెమరీ ఐసీ నడుస్తోంది కాబట్టి అవుట్‌పుట్ 3.3 అనుకోవచ్చు. రెండు రెసిస్టర్ల మొత్తం 43ని గ్రౌండ్ వైపు 10తో భాగిస్తే 4.3, ఇక 3.3ని ఆ 4.3తో భాగిస్తే ఫీడ్‌బ్యాక్ వోల్టేజి దాదాపు 0.77.

పేరు తెలియకపోయినా ఈ అంకె దొరికితే పని నడుస్తుంది. చూడటానికి ఒకేలా ఉండే ఆరు కాళ్ల ఐసీల్లో 0.6 వోల్టులవీ, 0.8వీ కూడా ఉంటాయి. ఇదే బోర్డులో 0.6ది వేస్తే అవుట్‌పుట్ 2.6 దగ్గర ఆగి రూటర్ లేవకపోవచ్చు. 0.8ది వేస్తే 3.44 వస్తుంది. కాళ్ల వరస, ఫీడ్‌బ్యాక్ వోల్టేజి, ఇన్‌పుట్ వోల్టేజి, ఎంత కరెంటు కావాలి అనే నాలుగూ కాగితం మీద రాసుకుని డేటాషీట్లు వెతికితే సరిపోయే ఐసీ చాలావరకు దొరుకుతుంది.

ఒక జాగ్రత్త. ఐసీ లోపల షార్ట్ అయి ఉంటే బజర్ తప్పుదారి పట్టిస్తుంది. ఐసీ ఏ వైపు తిరిగి ఉందో ఫోటో తీసుకుని, హాట్ ఎయిర్‌తో లేపి, ప్యాడ్‌ల మీద మళ్లీ కొలవండి. ఒకటో కాలిని చూపే చుక్క కూడా చెరిపేసిన ఐసీకి ఆ కాలు ఎటో తర్వాత గుర్తుండదు.

డొనార్ బోర్డు దొరికితే అంతకన్నా తేలిక లేదు, ఒప్పుకోవాలి. మీటరు డయోడ్ మోడ్‌లో ఎర్ర ప్రోబ్ గ్రౌండ్‌కి పెట్టి, నల్లదానితో రెండు బోర్డుల మీదా ఒక్కో కాలూ కొలుచుకుంటూ పోతే తేడా బయటపడుతుంది. ఐసీ అక్కడి నుంచే తీసి ఇక్కడ వేసుకోవచ్చు. ఫోన్ బోర్డులకైతే అబిడ్స్ జగదీష్ మార్కెట్ వైపు ప్రయత్నించవచ్చు. కానీ ఏదో పేరు తెలియని చార్జర్‌కి అదే బోర్డు ఎక్కడ తెస్తాం? మోడల్ ఒకటే అయినా బోర్డు మీద ముద్రించిన వెర్షన్ నెంబరు వేరైతే ఐసీ కూడా వేరే కావచ్చు.

ప్రోగ్రామర్ పద్ధతి ఎస్‌పీఐ ఫ్లాష్ మెమరీకి బంగారం. 9ఎఫ్ కమాండ్ పంపితే తన ఐడీ తనే చెబుతుంది: ఈఎఫ్ 40 17 వస్తే విన్‌బాండ్, 8 మెగాబైట్లు. అయితే ఐసీ బతికుండాలి. చవకగా దొరికే నల్ల సీహెచ్341ఏ ప్రోగ్రామర్లలో చాలావాటి డేటా లైన్ల మీద 5 వోల్టులు వస్తాయి, కొలవకుండా కలపొద్దు. ఐ2సీ స్కాన్, అంటే రెండు వైర్ల లైన్ మీద ఏ అడ్రస్‌లో ఐసీ పలుకుతుందో చూడడం, అంత గట్టి సాక్ష్యం కాదు. 68 అడ్రస్ వస్తే డీఎస్1307 గడియారం కావచ్చు, ఎంపీయూ6050 సెన్సార్ కూడా కావచ్చు.

యాసిడ్‌తో ఐసీని కరిగించి లోపలి డై (సిలికాన్ ముక్క) ఫోటో తీయడం ల్యాబ్ పని. వేడి నైట్రిక్ యాసిడ్ ఇంట్లో వద్దు.

ఇక చెరిపేసింది మైక్రోకంట్రోలర్ (లోపల ప్రోగ్రామ్‌తో నడిచే చిప్) అయితే మీటరు మీద నాకున్న నమ్మకం అక్కడ పనికిరాదు. పేరు తెలిసి కొత్తది తెచ్చినా లోపల ప్రోగ్రామ్ ఉండదు. దానికి మాత్రం నేరుగా డొనార్ బోర్డు కోసమే తిరగండి.