ఇంట్లో నాణేలు పెట్టుకోవడానికి ఏది మేలు: ఫ్రేమా, ఆల్బమా, క్యాప్సూళ్లా?

పాతికో ముప్పయ్యో నాణేలు పోగైన వాళ్లందరూ నన్ను అడిగేది ఒక్కటే: "గోడకి ఫ్రేము కట్టించమంటారా, ఆల్బమ్‌లో పెట్టేయమంటారా?" పోయిన నెల నా నలభై నాణేలకి కొత్త చోటు చూడాల్సి వచ్చింది. ఆ పనిలో నేను తేల్చుకున్నది రాస్తున్నాను.

ఏది బాగా కనిపిస్తుందన్నది ఎలాగూ అందరూ చూస్తారు. నేను ముందు చూసేది వేరు: నాణేనికి ఏం తగులుతోంది, దాని చుట్టూ ఉన్న గాలిలో ఏం కలుస్తోంది? ఇది తేలాకే మిగతావి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నా పాత ఆల్బమ్. దాని పేజీలు మెత్తగా ఉండేవి, తెరవగానే కొత్త ప్లాస్టిక్ కర్టెన్ వాసన గుప్పుమనేది. ఆ వాసన ఏం చెబుతోందో నాకప్పుడు తెలియదు. కొన్నేళ్ల తర్వాత తీసి చూస్తే, ఒక రాగి నాణెం మీద అక్షరాల సందుల్లో పచ్చగా ఏదో పేరుకుని ఉంది. చిలుమైతే పొడిపొడిగా ఉండాలి, ఇది జిగురులా వేలికి అంటుకుంది. ఆ పేజీలు పీవీసీవి. పీవీసీని మెత్తబరచడానికి కలిపే పదార్థాలు మెల్లగా బయటికి కారతాయి. ప్లాస్టిక్ పాతబడేకొద్దీ ఆమ్లం కూడా వదులుతుంది. రాగి, వెండి రెండూ దానికి లొంగిపోతాయి. కిటికీలు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చూసుకుని, స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచితే జిగురైతే పోయింది. కింద లోహం మీద పడ్డ సన్నటి గుంటలు మాత్రం అలాగే ఉన్నాయి. వాటికి మందు లేదు.

అలాగని ఆల్బమ్‌నే తప్పుపట్టను. పాలీప్రొపిలీన్ పేజీలో, మైలార్ (పారదర్శకమైన పాలియెస్టర్ పొర) కిటికీ ఉన్న అట్టలో పెడితే నాణెం నిశ్చింతగా ఉంటుంది. బొమ్మా బొరుసూ రెండూ కనిపిస్తాయి, పక్కన నాలుగు ముక్కలు రాసుకోవచ్చు, చోటు కలిసొస్తుంది. అట్టలకి కొట్టిన స్టేపుల్ పిన్నుల్ని మాత్రం పటకారుతో అణగనొక్కండి, లేకపోతే పక్క నాణేన్ని గీరుతాయి. వంద దాటిన సేకరణకి ఇంతకన్నా మంచి దారి లేదు. కాకపోతే ఆల్బమ్ అరలోకి వెళ్లిందంటే మళ్లీ ఎవరో అడిగేదాకా తెరవం. నాణేలు రోజూ కళ్లెదుట ఉండాలనుకునే వాళ్లకి అది లోటే.

ఇక ఫ్రేము. అందరి మనసూ దాని మీదే, నా భయమూ దాని మీదే. లోపల ఏముందో చూడండి: వెనక ఎండీఎఫ్ (చెక్కపొట్టుని జిగురుతో అదిమి చేసిన పలక), దాని మీద ఉన్ని ఫెల్టో వెల్వెట్టో, మధ్యలో జిగురు. ఉన్నిలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. ఎండీఎఫ్, ఓక్ లాంటి చెక్కలు ఆమ్లపు ఆవిర్లు వదులుతాయి. ముందు అద్దం బిగించేస్తాం కాబట్టి ఆ ఆవిరి పోయే దారి లేక నాణేల చుట్టూనే తిరుగుతుంది. మ్యూజియం వాళ్లకి ఈ బాధ ఎప్పటినుంచో ఉంది. బ్రిటిష్ మ్యూజియంలో ఆండ్రూ ఆడీ 1973లో దీనికోసం ఒక పరీక్ష రూపొందించారు. ప్రదర్శనలో వాడబోయే గుడ్డనో చెక్కనో కొంచెం తీసుకుని, వెండి, రాగి, సీసం ముక్కలతోపాటు కొద్దిగా నీటి తడి ఉంచి గాజు గొట్టంలో మూసేస్తారు. 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర 28 రోజులు ఉంచి, ఏ లోహం రంగు మారిందో చూస్తారు. ఇంట్లో అంత కచ్చితంగా కుదరదు గానీ, ఫ్రేములో వేసే గుడ్డ ముక్కని ఒక మెరిసే రాగి ముక్కతో కలిపి సీసాలో బిగించి నెలరోజులు ఉంచండి. రాగి మసకబారితే ఆ గుడ్డ వద్దు. మసకబారకపోయినా పూర్తి భరోసా అనుకోకండి.

ఫ్రేములో ఇంకో వెలితి ఉంది. బొరుసు వైపు శాశ్వతంగా చెక్కకేసి ఉండిపోతుంది. సగం నాణేన్ని దాచేసి దాన్ని ప్రదర్శన అనడం నాకు మనస్కరించదు.

నేను ఎంచుకున్నది క్యాప్సూళ్లు. నాణెమంత గుండ్రంగా ఉండే గట్టి అక్రిలిక్ డబ్బీలివి, నాణెం లోపల కదలకుండా కూర్చుంటుంది. లోపలి రింగు రబ్బరుదైతే మాత్రం తీసుకోకండి, రబ్బరులోనూ గంధకం ఉంటుంది. పుస్తకాల అర మీద చిన్న స్టాండు పెట్టి ఆరు నాణేలు నిలబెట్టాను. మిగతావి సొరుగులోని ట్రేలో ఉన్నాయి. నెలకోసారి మారుస్తాను. పిల్లలు అడిగితే చేతికిచ్చేస్తాను, వేలిముద్రల టెన్షన్ లేదు. రాగి మీద పడ్డ వేలిముద్ర కొన్నాళ్లకి మచ్చగా తేలి ఇక పోదు కదా. సాయంత్రం దీపం పక్కన పెట్టి క్యాప్సూల్‌ని కొంచెం వంచితే, ఏటవాలు వెలుగులో అరిగిపోయిన అక్షరాలు ఒక్కొక్కటే పైకి లేస్తాయి. ఫ్రేములో ఇది ఎప్పటికీ దొరకదు.

లోపాలు లేవని కాదు. ఒక్కో నాణేనికీ ఖర్చు ఎక్కువ, అక్రిలిక్‌కి గీతలు త్వరగా పడతాయి. గాలి పూర్తిగా ఆగదు కాబట్టి సొరుగులో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం ఉండాల్సిందే. తేమ 50 శాతం దాటకుండా చూసుకుంటే చాలు. స్టాండు మీద నేరుగా ఎండ పడనివ్వకండి.

గోడ మీదే కావాలని మనసు పట్టుబడితే లోతైన బాక్సు ఫ్రేము తీసుకుని, నాణేల్ని క్యాప్సూళ్లతో సహా, ఆమ్లం లేని అట్టలో కోసిన గుంటల్లో అమర్చండి. చెమ్మ పట్టే గోడకి వేలాడదీయకండి. గాజు బల్ల కింద పరచడానికీ ఇదే పద్ధతి. గిన్నెలో పోసి పెడితే ఒకదానికొకటి రాసుకుని అరుగుతాయి. రెసిన్‌లో పోత పోస్తే నాణేన్ని మళ్లీ చెక్కుచెదరకుండా బయటికి తీయలేం. ఈ రెండూ వద్దు.

ఏది ఎంచుకున్నా, పెట్టేముందు మెరవాలని తోమకండి. క్యాప్సూళ్లు మిల్లీమీటర్ల లెక్కన వస్తాయి. ఒక్క మిల్లీమీటరు ఎక్కువైనా నాణెం లోపల గలగలలాడుతుంది. అందుకని కాలిపర్‌తో (వ్యాసం కొలిచే పరికరం), దాని మొనలకి కాగితం చుట్టి, ప్రతి నాణేన్నీ విడిగా కొలిచాకే కొనండి.