తోతాపురికి జంట వేలం పెడితే ఏ పద్ధతి మేలు?

చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి మామిడి సీజన్‌లో ఒకవైపు రైతులు, ఇంకోవైపు గుజ్జు ఫ్యాక్టరీలు, మండీ వ్యాపారులు. మామూలు పాటలో కొనేవాళ్లే ధర పాడతారు. రెండువైపులా ధర చీటీలు వేయిస్తే అది జంట వేలం. మనసులోని ధర రాసినవాడు నష్టపోకూడదు, చిక్కంతా అక్కడే.

తలా ఒక టన్ను అనుకుందాం. కొనేవాళ్లు కిలోకు 14, 12, 10, 7 రాశారు. అమ్మేవాళ్లు 5, 7, 9, 12. వరసగా జత కడితే మూడు బేరాలు కుదురుతాయి, నాలుగోది తెగదు.

మధ్య ధర పద్ధతిలో చివరి జత 10, 9 మధ్యన 9.50 అందరికీ ధర. తేలికే. కానీ 10 రాయాల్సినవాడు 9.10 రాస్తే ధర 9.05కి దిగుతుంది. అవతల రైతు కూడా అలాగే 9.90కి పెంచాడా, ఆ బేరమే పోతుంది.

వీసీజీ (విక్రీ-క్లార్క్-గ్రోవ్స్) పద్ధతిలో ఎవడి ధరా వాడి చీటీని బట్టి కాక, మిగతావాళ్ల చీటీలను బట్టి తేలుతుంది: ఇక్కడ కొనేవాళ్లు 9 కడతారు, అమ్మేవాళ్లకు 10 అందుతుంది. ఎవరికీ అబద్ధం రాయాల్సిన పని లేదు. అయితే టన్నుకు 1,000 చొప్పున 3,000 రూపాయలు మార్కెట్టే భరించాలి. 2025లో తోతాపురికి ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలిపింది. రోజువారీ వేలానికి అలా ఎవరు పోస్తారు? ఎవరినీ బలవంతంగా బేరంలోకి దించకుండా నిజాయితీ, పూర్తి బేరాలు, లోటు లేకపోవడం మూడూ ఒకేచోట కుదరవని ఆర్థికవేత్తలు మయర్సన్, సాటర్త్‌వైట్ 1983లోనే తేల్చారు.

ఆర్థికవేత్త మెకాఫీ 1992లో చెప్పిన పద్ధతి తెగని జతను వాడుకుంటుంది. 7, 12 సగటు 9.50; అది 9కీ 10కీ మధ్యనే ఉంది కాబట్టి మూడు బేరాలూ ఆ ధరకే. ఇక్కడ 9.10 ఎత్తు వేసినవాడు తన బేరాన్నే పోగొట్టుకుంటాడు. నాలుగో రైతు 16 రాస్తే సగటు 11.50, హద్దు దాటింది. అప్పుడు మూడో జతను వదిలేసి, మిగతా ఇద్దరు కొనేవాళ్లు 10 కడతారు, రైతులకు 9 ఇస్తారు. 2,000 మార్కెట్‌కు మిగులుతుంది. నాలుగో జతే లేకపోయినా ఇదే దారి. పోయేది అన్నిటికంటే తక్కువ లాభమున్న బేరమే: ఇక్కడ 15,000లో 1,000. వంద బేరాలుంటే నష్టం నూటికి ఒకటి దాటదు. ఒక్కటే కుదిరే రోజున మాత్రం మొత్తానికే సున్నా కావచ్చు.

చీటీలు తక్కువగా పడే గ్రేడ్‌కు మెకాఫీయే మేలు. వందల్లో పడితే మధ్య ధర చాలు, ఒక్కడి ఎత్తుకు ధర పెద్దగా కదలదు. గ్రేడింగ్ మాత్రం చీటీలకు ముందే అయిపోవాలి. కాయ తేడా ఉంటే ఏ లెక్కా పనిచేయదు.

అసలు తంటా ఫ్యాక్టరీలతోనే. మెకాఫీ లెక్క మనిషికి ఒక లోడుకే. ముప్పై లోడ్లు కావాల్సినవాడు చివరి లోడ్లకు ధర తగ్గించి రాసి, మిగతా అన్నిటి మీదా లాభపడగలడు. రెండు పేర్లతో చీటీలు వేసినా అంతే. అలాంటిచోట లాటరీతో అందర్నీ రెండు గుంపులు చేసి, ఒక గుంపు చీటీల్లో తేలిన ధరను రెండోదానికి, రెండోదాని ధరను మొదటిదానికి పెట్టాలి. ఎవడి చీటీ వాడి ధరను తాకదు. సరుకు మిగిలినా, చాలకపోయినా వంతు కూడా లాటరీతోనే తేల్చాలి. కానీ నాలుగైదు ఫ్యాక్టరీలే ఉంటే గుంపుకో ధర పలికి, యార్డులో గొడవ ఖాయం.